పిడుగుల వేళ పిల్లలకు నాలుగు మాటలు

(సంఘం వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువుభత్యం బకాయిల సంగతి చెబుతానని వచ్చిన పెద్దలు మన్నించాలి. ఈ పది నిమిషాలూ పిల్లలవి.

రెవెన్యూ శాఖలో 34 ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. పిడుగుపాటు మరణాల ఫైళ్ళు నా బల్ల మీదికి వచ్చేవి. పంచనామాలో తరచు ఒకే మాట కనబడేది: "వానకు చెట్టు కింద నిలబడి ఉండగా". చింతో, వేపో, తాడో! అందరూ తడవకూడదని వెళ్ళినవారే. తడిస్తే జలుబు చేస్తుంది, అంతే కదా నాయనా.

1988 వేసవిలో ఆఫీసు పనిమీద ఒక ఊరు వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. మేకలు కాచుకునే పన్నెండేళ్ళ కుర్రవాడు తాడిచెట్టు కింద పడి ఉన్నాడు. "ముట్టుకోకండి, ఒంట్లో కరెంటుంటుంది" అన్నారెవరో. అందరం ఆగిపోయాం. కాగితాల కట్ట నెత్తిన పెట్టుకుని నేనూ నిలబడ్డాను. తల్లి పరుగెత్తుకొచ్చి ఒళ్ళోకి తీసుకునేదాకా ఒక్కరమూ చెయ్యి వెయ్యలేదు. ఆమెకేమీ కాలేదు. పిల్లవాడు అప్పటికే పోయాడు.

చాలా ఏళ్ళకు ప్రథమ చికిత్స తరగతిలో తెలిసింది. పిడుగు పడిన మనిషి ఒంట్లో విద్యుత్తు నిలవ ఉండదు. వెంటనే తాకవచ్చు. గుండె ఆగినవారికి రొమ్ము మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉంటే కొందరు బతుకుతారు. ఆ కుర్రవాడు బతికేవాడో లేదో చెప్పలేను. మేము ప్రయత్నించలేదు. మీరు మాత్రం పెద్దలను కేకేయండి, 108కి ఫోను చేయించండి.

ఉరిమితే మా అమ్మ అర్జునుడి పేర్లు చదివించేది. చదవండి, తప్పులేదు, ఇంట్లోకి పరుగెత్తుతూ చదవండి! శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. మెరిశాక 30 లెక్కపెట్టేలోగా ఉరిమిందా, పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది. అసలు ఉరుము చెవిన పడితే చాలు, చినుకు రాలకపోయినా ఆట ఆపి లోపలికి రావాలి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి పోకూడదు.

లోపల అంటే పక్కా ఇల్లు, లేదా తలుపులు, అద్దాలు మూసిన బస్సు, కారు. పశువుల పాక, అరుగు, మేడమీది గది ముందున్న రేకుల పంచ లెక్కలోకి రావు. చెరువులో ఉంటే ముందు ఒడ్డుకు రండి. రబ్బరు చెప్పులు కాపాడతాయనుకోవద్దు. ఇంట్లో ఉన్నా అప్పుడు స్నానం చెయ్యవద్దు, ఛార్జింగులో ఉన్న ఫోను పట్టుకోవద్దు. ఏ దిక్కూ లేని పొలంలో చిక్కుకుంటే పాదాలు దగ్గరగా పెట్టి, చెవులు మూసుకుని గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. నలుగురుంటే దూరదూరంగా ఉండండి. ఇది గత్యంతరం లేనప్పటి మాటే, పూర్తి రక్షణ కాదు.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారి 'దామిని' యాప్ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. మీ తాతయ్యల ఫోనులో మీరే పెట్టిపెట్టండి, మాకు చేతకాదు.

కార్యదర్శిగారికి ఒక మనవి. పడమర మబ్బు పట్టింది. భోజనాలు ఆరుబయట ఇనుప గుంజల షామియానా కింద వేశారు. విస్తళ్ళు ఈ హాలులోకి మార్పించండి. కుర్చీలు తియ్యడానికి ఈ పిల్లలు సాయం పడతారు.