ఒక గ్రాము మందు



స్నాతకోత్సవంలో పెద్ద పెద్ద సంగతులు చెప్పడం ఆనవాయితీ. నేను ఒక చిన్న ఆంపూల్ గురించి మాట్లాడతాను: ట్రానెక్సామిక్ యాసిడ్. కార్పొరేట్ ఆసుపత్రి బిల్లులో దాని ఖరీదు ఎక్కడుందో వెతుక్కోవాలి.

తిరుపతిలో చదివినవాళ్ళకు మోకాళ్ళ సంగతి నేను చెప్పేదేముంది? అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. బర్డ్ ఎముకల ఆసుపత్రికి పీలేరు నుంచో పలమనేరు నుంచో మోకాలి మార్పిడికి వచ్చిన అవ్వకు ఇంప్లాంట్ ఏ కంపెనీదో అక్కర్లేదు. "ఆపరేషన్ చేసినాంక కొండెక్కతానా నాయనా?" అంటుంది. పక్కనున్న కొడుకు, "రక్తం ఎన్ని బాటిళ్ళు కావాల సార్?" అంటాడు.

కొడుకు అడిగే ఆ ప్రశ్నకు ఇప్పుడు చాలాసార్లు "అవసరం పడకపోవచ్చు" అని చెప్పగలుగుతున్నామంటే, అందులో ఈ మందు వాటా చాలా ఉంది. ఎముక కోసినచోట శరీరమే రక్తాన్ని గడ్డకట్టించి ఆపుతుంది. ఆ గడ్డను కరిగించే ప్లాస్మిన్ కూడా వెనువెంటనే పనిలోకి దిగుతుంది. ప్లాస్మిన్‌గా మారాల్సిన ప్లాస్మినోజెన్ గడ్డలోని ఫైబ్రిన్‌ను పట్టుకునే చోట, లైసిన్‌ను పోలిన ఈ మందు ముందే వెళ్ళి కూర్చుంటుంది. అది కొత్తగా గడ్డ కట్టించదు, కట్టినదాన్ని కరగనివ్వదు. వైవాలో ఈ తేడా చెప్పలేక నీళ్ళు నమిలినవాళ్ళు మీలో ఉంటే ఇప్పుడు నవ్వుకోవచ్చు, పట్టా చేతికొచ్చేసింది. కోత పెట్టకముందే నరంలోకి ఒక గ్రాము ఇవ్వడం చాలాచోట్ల వాడుక. కిడ్నీ దెబ్బతిన్నవారికి డోసు తగ్గించాలి. మూర్ఛలున్నవారికి, ఈ మధ్యే రక్తనాళంలో గడ్డ కట్టినవారికి ఇచ్చే ముందు ఆగి ఆలోచించాలి.

ఆపరేషన్ తర్వాతి వాపు మాటకొస్తే, ట్రానెక్సామిక్ యాసిడ్‌కు తోడు డెక్సామెథసోన్ ఒక డోసు ఇస్తే వాపుతో పాటు నొప్పీ వాంతులూ కూడా తగ్గుతాయి. షుగరున్నవారికైతే ఆ రోజు, మర్నాడు రక్తంలో చక్కెర చూస్తూండాలి.

పద్మావతి మహిళా వైద్య కళాశాల అమ్మాయిలు ఈ మందు పుట్టుక తెలుసుకోవాలి. యుద్ధం ముగిసిన జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే పరిశోధనకు దిగారు. డబ్బు లేదు. రక్తం మీద పనయితే ఖర్చు తక్కువ, తమ రక్తాన్నే తీసుకోవచ్చు. ఆమె బిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసింది. 1962లో ఈ మందును లోకానికి తెలిపారు. ఆ ఏడే ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడిని ఒక దారికి తెచ్చాడు. ఈ రెండూ ఒకే ఆపరేషన్ బల్ల దగ్గర కలవడానికి 30 ఏళ్ళకు పైగా పట్టింది!

ఆమె కోరిక మాత్రం మోకాళ్ళ గురించి కాదు. కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లులకు ఇది వాడాలని. ఆమె ఉన్న ఊరి వైద్యులు పరీక్షించడానికి ముందుకు రాలేదు. 20,000 మందికి పైగా తల్లుల మీద జరిగిన ‘ఉమన్’ ట్రయల్ 2017లో ఆమె మాట నిజమని తేల్చింది: కాన్పైన మూడు గంటల లోపు ఇస్తే రక్తస్రావపు మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆమె అంతకు ఏడాది ముందే, 98వ ఏట కన్నుమూసింది. ఇంత ఆలస్యానికి సైన్సును తప్పుపట్టలేం. పేటెంటు తీరిపోయిన చౌక మందును బ్యాగులో పెట్టుకుని మీ గది బయట ఏ మెడికల్ రెప్పూ కాచుకుని కూర్చోడు. అటువంటి మందులను మీకు మీరే గుర్తుపెట్టుకోవాలి.

రేపు మదనపల్లెలోనో కుప్పంలోనో డ్యూటీలో చేరగానే థియేటర్ ట్రాలీ చూడండి. మోకాళ్ళ ఆపరేషన్లు ఎక్కువగా వెన్నులో మత్తిచ్చి చేస్తారు కదా. ఆ మత్తుమందు బూపివకెయిన్ ఆంపూలూ ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంపూలూ చూడటానికి ఒకేలా ఉండవచ్చు. పొరపాటున ట్రానెక్సామిక్ యాసిడ్ వెన్నులోకి వెళితే మూర్ఛలొచ్చి, గుండె లయ తప్పి మనిషి చనిపోవచ్చు. ఇలాంటి మరణాల మీదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరిక జారీ చేసింది. రెండింటినీ ఒకే ట్రేలో పెట్టనివ్వకండి. సిరంజిలోకి తీసే ముందు లేబుల్ పైకి చదవండి, సిస్టర్ చేత కూడా చదివించండి. సీనియర్ సార్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.