దుకాణం తెరిచే ముందు నియ్యత్



నమాజుకు నిలబడే ముందు మనం నియ్యత్ చేసుకుంటాం. మరి దుకాణం తెరిచే ముందు చేసుకుంటున్నామా? నేడు నేను మనవి చేయదలచినది ఈ ఒక్క మాటే.

మన వీధుల్లో టైలరు షాపులనే చూడండి. ఒకతను ఉద్యోగం దొరక్క షాపు పెడతాడు. మనసంతా గల్ఫ్ వీసా మీదే. వీసా రాగానే షట్టరు దించేస్తాడు. రెండో అతనికి ఇల్లు గడిచి, పిల్లలు చదువుకుంటే చాలు. ఇరవై ఏళ్లయినా అదే మిషను, అదే గిరాకీ. ఇది తప్పు కాదు; హలాల్ సంపాదన, గౌరవమైన బతుకు. మూడో అతనికి పనిని పెంచాలని పట్టుదల. గల్లాపెట్టె డబ్బు ఇంటి ఖర్చులో కలపడు. ఖాతా రాస్తాడు. లాభంలో కొంత తీసి రెండో మిషను కొంటాడు. కుర్రాళ్లకు కత్తిరింపు నేర్పుతాడు. తాను లేకపోయినా నడిచే దుకాణం అతనిది.

1906లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ గారు పాత ఢిల్లీలో ఒక చిన్న దవాఖానా పెట్టారు. పేరు హమ్‌దర్ద్, అంటే బాధను పంచుకొనేవాడని అర్థం. మరుసటి ఏడు రూహ్ అఫ్జా షర్బత్ తయారయింది. 1922లో ఆయన కన్నుమూశారు. పిల్లలింకా చిన్నవాళ్లు. అయినా భార్య రాబియా బేగం గారు ఆ పనిని నిలబెట్టారు. పెద్ద కొడుకు హకీం అబ్దుల్ హమీద్ గారు దానిని ఎంతో పెంచి, 1948లో తన సొత్తని ఉంచుకోకుండా వక్ఫ్ చేశారు. ఆయన స్థాపించిన విద్యాసంస్థలే 1989లో జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయంగా రూపొందాయి. పేరులోని నియ్యత్ ఎంత దూరం నడిచిందో చూడండి!

అందరూ హమ్‌దర్ద్ కావాలని నేననను. చిక్కల్లా ఎక్కడంటే, ఇల్లు గడవడానికి షాపు పెట్టినవాడు పక్కవాణ్ణి చూసి రెండో షట్టరు ఎత్తడం. నియ్యత్ ఒకటి, అప్పు మరొకటి. చివరికి తాకట్టుకు పోయేది ఇంట్లో ఆడవాళ్ల నగలే.

కనుక సంఘం పెద్దలకు నా విన్నపం. సాయం కోరి వచ్చిన కుర్రవాణ్ణి "ఎంత కావాలి?" అనే ముందు "ఎందుకు పెడుతున్నావు బేటా?" అని అడగండి. ఇల్లు గడవడానికంటే ఒక మిషను ఇప్పించండి. పెంచడానికంటే ఖాతా రాయడం కూడా నేర్పించండి. వెళ్లిపోయే ఆలోచన ఉంటే షాపు వద్దు, పని బాగా నేర్పించి పంపండి.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.