పాత వాల్వు యాంపుతో హెవీ రాక్

కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్లలో పాతకాలపు వాల్వు యాంపుతో హెవీ రాక్ వాయించాలనుకునే కుర్రాళ్లకు నాలుగు మాటలు.

1962లో లండన్‌లో పుట్టిన మార్షల్ జేటీఎం 45 లాంటి యాంపులకు మాస్టర్ వాల్యూమ్ ఉండదు. సౌండు బాగా పెంచితే తప్ప వాల్వు గరగరలాడదు. ఈలోగా పక్కింటివాళ్లు తలుపు తడతారు! బ్లాక్ శాబత్ గిటారిస్టు టోనీ అయోమీ, 1970లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు లేనీ యాంపు ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టాడు. మీరూ అలాగే యాంపు ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టండి. డ్రైవ్ నాబు దాదాపు సున్నాలో, లెవెల్ పూర్తిగా పైన ఉంచండి. వాల్వుకు చేరకముందే బేస్ తగ్గాలి. అప్పుడే లావు తీగల మీద అరచేయి ఆనించి కొడితే దెబ్బ దెబ్బా విడివిడిగా పలుకుతుంది. లేదంటే అంతా బురబురే. గెయిన్ పెంచితే బరువొస్తుందనేది వట్టి భ్రమ.

సౌండు తగ్గించడానికి యాంపుకూ స్పీకరుకూ మధ్య అటెన్యుయేటర్ ఉంటే మేలు. స్పీకరు తగిలించకుండా మాత్రం వాయించొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల యాంపును మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టొద్దు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా కూడా నిలిచి ఉండొచ్చు. యాంపు విప్పే పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.