నోటిమాట తీర్మానం కాదు

(వాడ సభలో చేసిన ప్రసంగం)



ఇంటి పర్మిషన్ దరఖాస్తు పట్టుకొని పంచాయతీకి పోతే మనోళ్లకు దొరికే జవాబేంది? "చూద్దాం, పెద్దమనుషులతో మాట్లాడాలె." ఊరి నడుమ డాబా లేస్తే ఈ మాట రాదు. రోడ్డు పక్కన విత్తనాల కంపెనీ బోర్డు రాత్రికి రాత్రే లేస్తది. మన వాడ మొదట్ల అంబేద్కర్ నగర్ అని రాసుకుంటమంటే మాత్రం తీర్మానం కావాలె! 2013లో సుప్రీంకోర్టు ప్రజల రోడ్ల మీద విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇయ్యొద్దన్నది నిజమే. మరి ఆ కంపెనీ బోర్డు కట్టడం కాదా? (మనం మాత్రం రోడ్డు వదిలి లోపల జాగ చూసుకుందాం, వాళ్లకు సాకు ఎందుకు?)

తెలంగాణ మున్సిపాలిటీలల్ల 2020 చట్టంతో 75 గజాల లోపు జాగల, పైన ఒక అంతస్తు దాకా, పర్మిషనే అక్కర్లేదు. రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఊర్లల్ల ఇంకా పంచాయతీ కాగితమే దిక్కు.

కాదని ఎవరూ రాసియ్యరు. రాస్తే కారణం రాయాలె, కారణం ఉంటే మనం పైకి పోతం. అందుకే దరఖాస్తు రెండు కాపీలు రాయండి. ఒకదాని మీద తేదీ, ముద్ర, సంతకం తీసుకోండి. తీసుకోమంటే స్పీడ్ పోస్టుల పంపండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద తీర్మానాల పుస్తకం నకలు అడగాలె. గ్రామ స్థాయిల ఆ దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజులల్ల జవాబియ్యాలె.

ఆదివారం పొద్దున బడి వరండాల కూచుంట. పట్టా జిరాక్సు, ఉంటే ఇంటిపన్ను రసీదు తెచ్చుకోండి, కూసోని రాద్దాం.