వెలుగును మోసే పొరలు

తెలుగును ఇంట్లో విని నేర్చుకున్నవాళ్ళమే గాని బడిలో చదివినవాళ్ళం కాము. మాటల్లో మలాయి, ఇంగ్లీషు దొర్లితే పెద్దలు మన్నించాలి.

మన మందిరం గుమ్మం దగ్గర గోడకున్న పెద్ద టీవీని మీరందరూ చూసే ఉంటారు. మందిరానికి చందాలిచ్చిన కుటుంబాల పేర్లు నల్లని తెరపై తెల్లని అక్షరాలతో పొద్దుటి నుంచి రాత్రి దాకా కనిపించేటట్టు అమర్చారు. రెండేళ్ళు గడిచాయి. మొన్న ఉగాదినాడు అదే తెరమీద పిల్లల నాట్యం చూపించబోతే, వాళ్ళ ముఖాలమీద పెద్దల పేర్లు నీడల్లా కనబడ్డాయి. కార్యదర్శి గారు మమ్మల్ని పిలిచి, “మీరిద్దరూ ఈ తెరల పనిలోనే ఉన్నారు గదా, దుకాణంవాడు మనల్ని మోసం చేశాడా, తప్పు మనదా? సభలో చెప్పండి” అన్నారు. చందా డబ్బుతో కొన్న వస్తువు గనుక ఆయన అడగడం న్యాయమే. ఒక పెద్దాయన మాత్రం, “పోనీలెండయ్యా, మా నాయన పేరు చెరగలేదు” అని నవ్వేశారు.

మా తాతలు రబ్బరు చెట్లు గీసి పాలు తీసినవారు. 1972లో పినాంగులో బయాన్ లెపాస్ స్వేచ్ఛా వ్యాపార మండలం వచ్చాక మా అమ్మలు తోట విడిచి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో చేరారు. మేము కూడా ఆ దారినే నడిచాము.

మన మందిరంలోనిది ఓఎల్‌ఈడీ తెర. మామూలు ఎల్‌సీడీ టీవీలో వెనుక ఒక దీపం ఉంటుంది, ముందున్న తెర ఆ వెలుగును ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఇందులో ఆ దీపం లేదు. ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. వెలిగే పదార్థం కార్బన్ సమ్మేళనం, అంటే రంగుల వంటిది, మందుల వంటిది. అది వాడేకొద్దీ అరుగుతుంది. మన పేర్ల అక్షరాల కింది చుక్కలు రెండేళ్ళు వెలిగాయి, పక్కవి చీకట్లో విశ్రాంతి తీసుకున్నాయి. ఇప్పుడు అన్నిటినీ వెలిగిస్తే అలసినవి మసకగా కనిపిస్తాయి. మీరు చూసిన నీడ అదే.

అరిగేది వెలుగునిచ్చే పొర ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. మొదట్లో మేమూ అలాగే అనుకున్నాము. తెర ఆయుష్షులో చాలా భాగం దానికి అటూ ఇటూ ఉండి విద్యుదావేశాన్ని మోసుకొచ్చే పొరల చేతిలో ఉన్నదని పనిలో దిగాక తెలిసింది.

1963లో న్యూయార్కులో మార్టిన్ పోప్ బృందం ఆంత్రసీన్ స్ఫటికాన్ని విద్యుత్తుతో వెలిగించింది. దానికి వందల వోల్టులు కావలసివచ్చింది. 1987లో రాచెస్టరులోని కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పనిని రెండు పొరలకు పంచారు. ఒక పొర ధనావేశాన్ని మోస్తుంది. దాన్ని మేము ‘ఖాళీ’ అంటాము, ఎలక్ట్రాను లేని చోటు గనుక. రెండవ పొర ఎలక్ట్రానులను మోస్తుంది, వెలుగునూ ఇస్తుంది. దాని పేరు ఆల్‌క్యూ3, అల్యూమినియం సమ్మేళనం. రెండు పొరలూ కలిపి సుమారు 135 నానోమీటర్లు, తలవెంట్రుక మందంలో ఐదు వందలో వంతు. పది వోల్టుల లోపే బాగా వెలిగింది. కానీ సుమారు వంద గంటలకే వెలుగు సగానికి పడిపోయింది.

అంత త్వరగా ఎందుకు పడిపోయింది?

ఒక కారణం వేడి. ఈ పొరలు గాజులా గట్టిపడి ఉంటాయి. ఒక ఉష్ణోగ్రత దాటితే మెత్తబడి అణువులు కదులుతాయి, పేరుకుని స్ఫటికాలవుతాయి, పొర చెదరిపోతుంది. ఖాళీలను మోయడానికి తొలినాళ్ళలో విరివిగా వాడిన టీపీడీ అనే పదార్థం సుమారు 65 డిగ్రీలకే మెత్తబడుతుంది. మన ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం వింత కాదు గదా! రసాయన శాస్త్రవేత్తలు అణువుకు బరువైన వలయాలు తగిలించి సుమారు 95 డిగ్రీల వరకు నిలిచే ఎన్‌పీబీని తెచ్చారు. 1996లో వాన్ స్లైక్, చెన్, టాంగ్ దానితో కట్టిన పరికరం వెలుగు సగానికి దిగడానికి సుమారు 4,000 గంటలు పట్టింది. వెలుగునిచ్చే పదార్థం పాత ఆల్‌క్యూ3యే. మోసే పొరలను, విద్యుత్తు లోపలికి దిగే చోటును సరిచేసినందుకే ఆయుష్షు అంత పెరిగింది.

రెండవది సమతూకం. తోటలో రెండు వైపుల నుంచి కావళ్ళు పాలషెడ్డుకు చేరడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒక వైపువాళ్ళు ముందే వచ్చి గుమికూడితే తోపులాట, పాలు ఒలికిపోవడం. ఇక్కడా అంతే. ఖాళీలు వేగంగా వచ్చేస్తాయి, ఆల్‌క్యూ3లో ఎలక్ట్రానులు నెమ్మదిగా నడుస్తాయి. జత దొరకని ఖాళీలు ఆల్‌క్యూ3లోకి చొరబడితే ఆ అణువు ధనావేశం పొంది చెడిపోతుంది. 1999లో కెనడాలో జిరాక్స్ పరిశోధన కేంద్రానికి చెందిన హానీ అజీజ్ బృందం ఈ సంగతి చూపించింది. అందుచేత మంచి పొర అంటే వేగంగా మోసేది అని మేము అనము. అవతలి పొరతో అడుగు కలిపేది కావాలి. కొన్నిసార్లు మంచి వాహకాన్ని కావాలనే నెమ్మదింపజేస్తాము. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. రెండింటినీ ఒకే పొరలో కలిపి, సరిహద్దే లేకుండా చేసే ఉపాయం కూడా ఉంది.

మూడవది అన్నిటికన్నా మొండిది, నీలి రంగు. నీలి కాంతిలోని శక్తి, మోసే అణువుల్లో కార్బన్‌ను నైట్రోజన్‌తో కట్టే బంధం తెగడానికి కావలసిన శక్తికి చాలా దగ్గర. ఉత్తేజితమైన అణువు మరొక ఆవేశాన్ని ఢీకొంటే రెండు శక్తులూ కలిసి బంధాన్ని తెంచేస్తాయి. తెగిన ముక్కలు ఆవేశాన్ని బంధించి ఉంచే గుంటలవుతాయి. కాబట్టి ఈనాడు పొర కట్టేవాళ్ళు ముందుగా బంధాల బలం చూస్తారు. ఆవేశాలన్నీ ఒక్క గీత దగ్గర గుమికూడకుండా, కలిసే చోటును వెడల్పు చేస్తారు.

తేమ సంగతి మన దేశంలో వేరే చెప్పాలా? చదరపు మీటరుకు రోజుకు గ్రాములో పది లక్షల వంతు మించి నీటి ఆవిరి లోపలికి పోకుండా తెరను మూసివేయాలన్నది మా లెక్క. మన తెరకు ఆ దెబ్బ తగలలేదు. తేమ దూరితే నల్లని మచ్చలు వస్తాయి గాని పేర్లు రావు.

ఇక మన తెర విషయం. ప్రకాశం సగం చేస్తే ఆయుష్షు రెట్టింపు కన్నా ఎక్కువే పెరుగుతుంది. ఇటీవల రెండు వెలుగు కట్టలను ఒకదానిపై ఒకటి పేర్చి ఒక్కొక్కదాని భారం తగ్గిస్తున్నారు. 2024లో వచ్చిన ఆపిల్ ఐప్యాడ్ ప్రో అటువంటిదే. మనదానిలో ప్రకాశం నిండుగా పెట్టి వదిలేశారు. దుకాణంవాడు మోసం చేయలేదు, కానీ ఒకే బొమ్మను ఎల్లప్పుడూ ఉంచవద్దని చెప్పవలసినవాడు చెప్పలేదు. అడగవలసిన మేమిద్దరమూ ఆనాడు కమిటీలోనే ఉన్నాము, అడగలేదు. తప్పులో మా వాటా అది.

నీడను పూర్తిగా తుడిచే మందు లేదు. తెరలోనే ఉన్న సవరింపు ఏర్పాటు కొంతవరకు తగ్గిస్తుంది. దాన్ని నిన్న రాత్రి నడిపించాము, పేర్లు ఇంకా లీలగా ఉన్నాయి. ప్రకాశం తగ్గించాము. పిల్లల నాట్యానికి ఆ తెర పనికివస్తుంది, కొత్తది కొనవద్దు. పేర్లను ఇత్తడి పలకమీద చెక్కించమని మా మనవి. ఆ ఖర్చు మేమిద్దరం పెట్టుకుంటాము. అక్షరాలు సరిచూడడానికి మాత్రం తెలుగు బాగా వచ్చిన పెద్దలెవరైనా మాతో కూర్చోవాలి. సెలవు.