నొసటి అక్కి – కంటికి ముప్పు
(పాఠశాల వార్షికోత్సవ ప్రసంగము)



మా పాఠశాలలో ఉద్యోగవిరమణ చేసిన ఒక పండితులవారికి నొసట అక్కి లేచినది. ఈ తమిళసీమ ఆచారము ననుసరించి కుమ్మరివారిచే కావిమన్నుతో అక్కి వ్రాయించుకొని, తొమ్మిది దినములు వేచియుండిరి. కుడికంటి చూపు పోయినది. వ్రాయించుకొనుడని చెప్పినవారిలో మేమును ఉంటిమి.

చిన్ననాటి ఆటలమ్మ క్రిమియే నరములలో దాగియుండి, వార్ధక్యమున మరల లేచును. ముక్కుకొనపై పొక్కు కనబడినచో కంటికి అపాయము హెచ్చని హచిన్సన్ అను ఆంగ్లవైద్యుడు 19వ శతాబ్దముననే తెలిపెను. నల్లగ్రుడ్డుపై పుండ్లు, కంటిలోపల వాపు, నీటికాసులు కలుగవచ్చును. 72 గంటలలోపల ఎసైక్లోవిర్ వంటి మందు ప్రారంభించినచో ముప్పు చాలవరకు తగ్గును.

కావున బాలలారా, ఇంట తాతగారికో అవ్వగారికో నొసట ఒకవైపున పొక్కులు లేచినచో, ఆనాడే కంటివైద్యుని కడకు తోడ్కొని పొండు. కంటిచెంత మన్ను పూయనీయకుడు. ఆ పండితులవారి యెడ మేము చేసిన తప్పు మీ యింట జరుగకుండుగాక!