బడిపిల్లలకు ఆన్‌లైన్ మార్గదర్శనం – మన బాధ్యత

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగాల్లో ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా బడిపిల్లలతో ముఖాముఖి మాట్లాడి దారి చూపడాన్ని ఆన్‌లైన్ మెంటరింగ్ అంటున్నారు. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు వచ్చిన సంగతి మీకు తెలిసిందే. టీవీ పాఠం చెబుతుంది గాని పిల్లవాడి ప్రశ్న వినదు. ఆ లోటు తీర్చేదే ఈ పద్ధతి. 2011లో ప్రారంభమైన ఈవిద్యాలోక సంస్థ ద్వారా స్వచ్ఛంద కార్యకర్తలు తమ ఇళ్ళ నుండే పల్లె బడులకు పాఠాలు చెప్పారు. బడిలో పిల్లల పక్కన ఒక స్థానిక సహాయకుడు ఉంటాడు. మనం గమనించవలసింది ఆ సహాయకుణ్ణే.

ఉట్నూరు వైపు గోండు పిల్లవానికైనా, సిరిసిల్ల నేత కార్మికుని బిడ్డకైనా తెలివికి కొదవ లేదు. పదో తరగతి తర్వాత ఏమున్నదో చెప్పేవారే కరువు. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ రాయాలి. 2008లో ఏర్పడిన బాసర ట్రిపుల్ ఐటీకి ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి ఫలితాలే ఆధారం. ఇంట్లో చదువుకున్నవారు లేని పిల్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? గడువు దాటితే ఏడాది పోతుంది. ఆడపిల్లకైతే చదువే ఆగిపోవచ్చు. 2016లో జిల్లాలు పెరిగి కలెక్టరేట్లు దగ్గరయ్యాయి గాని, సలహా చెప్పే మనిషి దగ్గర కాలేదు.

పట్నంలోనో అమెరికాలోనో ఉన్న ఇంజనీరు తన పని ఎట్లుంటదో చెప్పగలడు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోవాలనీ, దరఖాస్తులో పేరు మెమోలో ఉన్నట్టే ఉండాలనీ చెప్పవలసింది జన్మంతా ఫైళ్ళు చూసిన మనమే.

కనుక నావి మూడు మనవులు. ఒకటి, మన కొడుకులను, బిడ్డలను వారానికి ఒక గంట అడుగుదాం. వారు ఇంగ్లీషు ఉపన్యాసాలు కాకుండా ఇంటి మాటల్లో మాట్లాడాలి. నెలకే మానేస్తే పిల్లల మనసు విరుగుతుంది, మాటిస్తే ఏడాది నిలవాలి. రెండు, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, బడిలోనే, టీచరు ఎదుటనే మాట్లాడాలి. పిల్లల ఫోన్ నంబర్లు బయటకు పోరాదు. మూడు, మనలో ఒకరు పిల్లల పక్కన కూర్చోవాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన విద్యాంజలి 2.0లో విశ్రాంత ఉద్యోగులకూ అవకాశం కల్పించారు.

ఇష్టమున్నవారు సభ ముగియగానే కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వగలరు. మోకాళ్ళ నొప్పులంటారా, ఇది కూర్చొని చేసే పనే! సెలవు.